కామెంటేటర్ నోరు జారితే ఒకరికి సారీతో సరి, ఇంకొకరికి ఉద్యోగమే గల్లంతు. ఎందుకలా?

మీరు అడిగింది ఇదీ: కామెంటరీలో ఎవరో జాతి గురించో రంగు గురించో ఒక మాట అనేస్తారు, సాయంత్రానికి క్లిప్ వైరల్ అవుతుంది, పీకేయండని కొందరు, ఇంత చిన్నదానికా అని ఇంకొందరు కొట్టుకుంటారు, చివరికి ఒకరు సారీ చెప్పి మర్నాడు అదే సీట్లో కూర్చుంటారు, ఇంకొకరి కెరీర్ అక్కడితో ముగుస్తుంది. ఇందులో ఏదైనా లెక్క ఉందా, గాలివాటమేనా? పైగా మీరే త్వరలో ఒక స్ట్రీమ్‌లో కామెంటరీ మొదలుపెడుతున్నారు, ఏం జాగ్రత్త పడాలి?

నేను లైవ్ స్పోర్ట్స్‌లో ఆడియో వైపు చాలా ఏళ్లు పనిచేశాను. కామెంటేటర్లు మైక్ ఆన్‌లో ఉన్నప్పుడు అనేదీ, ఆఫ్‌లో ఉందనుకుని అనేదీ రెండూ చెవిన పడే ఉద్యోగం అది. మీ ప్రశ్నకు నా జవాబు: లెక్క ఉంది, కానీ బయట జనం అనుకునే లెక్క కాదు.

ముందు మైక్ సంగతి చెప్తాను, ఎందుకంటే పెద్ద పెద్ద గొడవల్లో కొన్ని అక్కడే పుట్టాయి. కామెంటేటర్ ముందు ఒక చిన్న డబ్బా ఉంటుంది. దగ్గు వస్తే నొక్కడానికి ఒక స్విచ్, ప్రొడ్యూసర్‌తో మాత్రమే మాట్లాడటానికి ఇంకో స్విచ్. మామూలుగా అవి నొక్కి పట్టుకున్నంత సేపే పనిచేస్తాయి, వేలు తీశారా మైక్ మళ్లీ లైవ్. ఓవర్ అయిపోయి యాడ్స్ పడగానే బాక్సులో అందరూ ఒళ్లు విరుచుకుని కబుర్లలో పడతారు. ఇక్కడే చిక్కు. యాడ్స్ పడేది మీ ఛానల్‌లో. అదే ఫీడ్ తీసుకుంటున్న ఇంకో దేశం ఛానల్ ఆ టైమ్‌లో యాడ్ వెయ్యకపోతే, మీ కబుర్లన్నీ అక్కడి ఇళ్లలో వినిపిస్తాయి.

2006 ఆగస్టులో కొలంబోలో శ్రీలంక, దక్షిణాఫ్రికా టెస్టులో జరిగింది అచ్చంగా ఇదే. సంగక్కర క్యాచ్‌ని హషీమ్ ఆమ్లా పట్టాడు. ఆమ్లా గడ్డం పెంచుకునే, నియమంగా ఉండే ముస్లిం. కామెంటరీలో ఉన్న ఆస్ట్రేలియా మాజీ బ్యాటర్ డీన్ జోన్స్ 'టెర్రరిస్టుకి ఇంకో వికెట్ దొరికింది' అన్నాడు. బ్రేక్‌లో ఉన్నామనుకున్నాడు. దక్షిణాఫ్రికాలో మాత్రం ఆ మాట లైవ్‌లో వెళ్లిపోయింది. టెన్ స్పోర్ట్స్ వెంటనే ఆయన్ని తీసేసింది, ఆయన సారీ చెప్పి ఇంటికి విమానం ఎక్కాడు. అంతకు రెండేళ్ల ముందు, 2004 ఏప్రిల్‌లో, చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో మొనాకో చేతిలో చెల్సీ ఓడాక బ్రిటన్ ఛానల్ ఐటీవీలో కామెంటేటర్ రాన్ అట్కిన్సన్, చెల్సీ నల్లజాతి ఆటగాడు మార్సెల్ దెసాయీ గురించి నల్లవాళ్లని తిట్టే నీచమైన పదం వాడాడు. బ్రిటన్‌లో ప్రసారం అయిపోయింది, కానీ మధ్యప్రాచ్యంలోని కొన్ని దేశాలకు ధ్వని ఇంకా వెళ్తూనే ఉంది. మర్నాటికల్లా రాజీనామా.

ఇలాంటప్పుడు 'ఆఫ్ ఎయిర్‌లో అన్న మాటకి శిక్షేంటి, అది ప్రైవేటు కదా' అని వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నాకు మాత్రం రివర్స్‌గా అనిపిస్తుంది. ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు వచ్చిన మాటే అసలు మాట. లైవ్‌లో టెన్షన్‌లో నాలుక తడబడటం వేరు, తీరిగ్గా కూర్చుని పక్కవాడిని నవ్వించడానికి వదిలిన జోకు వేరు. మొదటిది జాలిపడదగ్గది. రెండోది ఆ గదిలో ఏ జోకులకు నవ్వులు పడతాయో చెప్తుంది, అందుకే ఆ గదిలో ఉన్న మిగతావాళ్లు కూడా నాకు అంత అమాయకుల్లా కనిపించరు.

ఇక 'ఆయన ఉద్దేశం అది కాదు' అనే వాదన. ప్రతి గొడవలోనూ ఇదే ముందు వస్తుంది, ఇదే అందరినీ దారి తప్పిస్తుంది. 1983లో అమెరికాలో మండే నైట్ ఫుట్‌బాల్‌లో హోవర్డ్ కోసెల్, వాషింగ్టన్ జట్టు నల్లజాతి ఆటగాడు ఆల్విన్ గారెట్ పరుగు చూసి 'ఆ చిన్న కోతి' అన్నాడు. కోసెల్ ఎవరు? మహమ్మద్ అలీ పేరు మార్చుకున్నప్పుడు, యుద్ధానికి వెళ్లనన్నప్పుడు, దేశంలో సగం మంది తిట్టిపోస్తుంటే అలీ పక్కన నిలబడిన బ్రాడ్‌కాస్టర్. అదే మాట ఆయన అంతకుముందు తెల్లజాతి ఆటగాళ్లని కూడా అన్నాడు. గారెట్ కూడా నొచ్చుకోలేదన్నాడు. ఇన్ని ఉన్నా కోసెల్ చేసింది చూడండి: మొదట అలా అననే లేదన్నాడు, తర్వాత సారీ చెప్పనన్నాడు. ఆ సీజన్‌తో ఆ షోలో ఆయన కథ ముగిసింది. అట్కిన్సన్ కూడా అంతే, 1970ల చివర్లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ వెస్ట్ బ్రామ్ మేనేజర్‌గా సిరిల్ రెజిస్, లారీ కనింగ్‌హామ్, బ్రెండన్ బాట్సన్ ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లనీ ఒకే జట్టులో ఆడించినవాడు, అదీ స్టాండ్స్ నుంచి బూతులు వినిపించే రోజుల్లో.

కాబట్టి మంచి రికార్డు ఉన్నవాడి నోటి నుంచి కూడా ఆ మాట రాగలదు. ఉద్దేశం అనేది మనిషి లోపలి సంగతి, దాన్ని మీరూ నేనూ తవ్వి తీయలేం. చూడాల్సింది ఆ మాట దేని మీద ఆనుకుని నిలబడింది అన్నది. గడ్డం ఉన్న ముస్లింని టెర్రరిస్టు అంటేనే ఆ జోకు పేలుతుంది, గడ్డం, మతం తీసేస్తే అక్కడ జోకే లేదు. నేను పెట్టుకున్న పరీక్ష ఇదొక్కటే: ఆటగాడి జాతినీ రంగునీ మతాన్నీ వాక్యంలోంచి లాగేస్తే మాట ఇంకా నిలబడుతుందా? నిలబడకపోతే ఉద్దేశం గురించి చర్చ అనవసరం.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వీనస్ విలియమ్స్ హఠాత్తుగా నెట్ మీదికి దూసుకొచ్చినప్పుడు ఈఎస్‌పీఎన్‌లో డగ్ ఆడ్లర్ ఒక మాట అన్నాడు. గెరిల్లా యుద్ధం తరహా దాడి అనే అర్థంలో అన్నానని ఆయన, కాదు కోతిజాతి గొరిల్లా అన్నాడని సోషల్ మీడియా. ఇంగ్లిష్‌లో రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఛానల్ సారీ చెప్పించింది, అయినా మిగతా టోర్నీకి పక్కన పెట్టేసింది, ఆయన కోర్టుకెక్కాడు, తర్వాత రాజీతో కేసు ముగిసింది. నా పరీక్ష ఇక్కడ పెట్టండి, వీనస్ రంగు తీసేసినా నెట్ మీదికి మెరుపుదాడి అన్న వర్ణన చక్కగా నిలబడుతుంది. నన్నడిగితే అక్కడ ఛానల్ భయపడింది, ఆలోచించలేదు.

ఛానల్ ఎందుకు భయపడుతుంది? డబ్బు. దీన్ని చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు. 2007 ఏప్రిల్ 4న డాన్ ఐమస్ అనే రేడియో హోస్ట్, ముందు రోజు రాత్రే ఫైనల్ ఆడి ఓడిన రట్గర్స్ యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు మీద, వాళ్ల జుట్టునీ వాళ్ల నడతనీ కలిపి ఇక్కడ రాయలేని మాట అన్నాడు. మొదట రెండు వారాల సస్పెన్షన్ అన్నారు. ఈలోపు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, స్టేపుల్స్ లాంటి కంపెనీలు యాడ్స్ వెనక్కి తీసుకున్నాయి. 11న ఎంఎస్‌ఎన్‌బీసీ వదిలేసింది, 12న సీబీఎస్ తీసేసింది. ఆ ఎనిమిది రోజుల్లో మాట మారలేదు, అన్న మనిషి మారలేదు, మారింది స్పాన్సర్ల లెక్క. అదే ఏడాది డిసెంబరులో ఆయన ఇంకో స్టేషన్‌లో మళ్లీ మైక్ పట్టుకున్నాడు. 'ఒక్క మాటతో జీవితం నాశనం చేశారు' అని ఏడ్చేవాళ్లు ఈ రెండో భాగం ఎప్పుడూ చెప్పరు. డీన్ జోన్స్ కూడా తర్వాత కామెంటరీకి తిరిగొచ్చాడు, పాకిస్తాన్ సూపర్ లీగ్‌లో ఇస్లామాబాద్ యునైటెడ్‌కి కోచ్‌గా 2016లో, 2018లో టైటిల్ గెలిపించాడు, 2020లో ముంబైలో చనిపోయే నాటికి ఐపీఎల్ పనిలోనే ఉన్నాడు.

డబ్బు తర్వాత రెండోది సారీ. ఎలా చెప్పారు, ఎంత త్వరగా చెప్పారు, ముఖ్యంగా ఏమన్నామో ఒప్పుకుంటూ చెప్పారా లేదా. ఇది కాస్త వివరంగా చూడాలి, మీకు పనికొచ్చేది ఇదే కాబట్టి.

2024 డిసెంబరు, బ్రిస్బేన్ టెస్టు. బుమ్రా ఐదు వికెట్లు తీసిన రోజు. ఫాక్స్ క్రికెట్‌లో ఈసా గుహ పొగుడుతూ పొగుడుతూ, వానరజాతి మొత్తానికి వాడే ఇంగ్లిష్ పదం ఒకటి ఆయనకు తగిలించింది. బుమ్రాని మెచ్చుకోవడమే ఆమె పని అన్నది స్పష్టం, ఆమె కూడా దక్షిణాసియా మూలాలున్న మనిషే, కానీ ఇండియా, ఆస్ట్రేలియా మధ్య 2008 సిడ్నీ కోతి గొడవ జ్ఞాపకం ఉన్నవాళ్లకి ఆ మాట ఎలా తగులుతుందో చెప్పక్కర్లేదు. మర్నాడు ఆట మొదలవుతూనే, పక్కన రవిశాస్త్రి, గిల్‌క్రిస్ట్ ఉండగా, కెమెరాలోకి చూసి ఆమె సారీ చెప్పింది. నేను ఫలానా పదం వాడాను, అది రకరకాలుగా అర్థమవుతుంది, ఎవరినైనా నొప్పిస్తే క్షమించండి, నా ఉద్దేశం పొగడటమే, నేను ఎంచుకున్న పదం తప్పు, ఇదీ సారాంశం. లైవ్‌లో సారీ చెప్పడానికి ధైర్యం కావాలని శాస్త్రి అక్కడికక్కడే అన్నాడు. గొడవ చాలా వరకు అక్కడే చల్లారింది.

ఇప్పుడు 2023 మే. ఓక్లాండ్ బేస్‌బాల్ జట్టు కామెంటేటర్ గ్లెన్ కైపర్, కాన్సాస్ సిటీలో నీగ్రో లీగ్స్ (ఒకప్పుడు నల్లజాతి ఆటగాళ్లకి విడిగా ఉండిన బేస్‌బాల్ లీగులు) మ్యూజియం చూసొచ్చానని చెప్పబోతూ, ఆ పేరులో మొదటి పదాన్ని ఘోరమైన తిట్టులా వినిపించేలా పలికాడు. కొన్ని ఇన్నింగ్స్ తర్వాత 'ఇందాక నేనన్నది నేను అనుకున్నట్టు రాలేదు' అన్న ధోరణిలో ఒక పొడి సారీ. ఏమన్నాడో లేదు, ఎవరికి తగిలిందో లేదు, ముందు భాగం చూడనివాడికి ఆ సారీ దేనికో కూడా అర్థం కాదు. మ్యూజియం అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్ పెద్దమనసుతో క్షమిస్తున్నానన్నాడు. అయినా 22వ తేదీకి ఛానల్ ఆయన్ని తీసేసింది. 2021లో డెట్రాయిట్ బేస్‌బాల్ కామెంటేటర్ జాక్ మోరిస్ జపాన్ ఆటగాడు షోహెయ్ ఒతానీ గురించి ఆసియా యాసని వెక్కిరిస్తూ మాట్లాడి, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 'ఎవరినైనా నొప్పించి ఉంటే' తరహా సారీ చెప్పాడు, సస్పెండ్ అయ్యాడు, ట్రైనింగ్ అన్నారు, తిరిగొచ్చాడు. అసలు సారీయే చెప్పనన్నవాడు కెనడా హాకీ పెద్దాయన డాన్ చెర్రీ. 2019 నవంబరులో వలస వచ్చినవాళ్లని 'మీలాంటి వాళ్లు' అని వేలెత్తి చూపిస్తూ, సైనికుల స్మారకంగా పెట్టుకునే పాపీ పువ్వు కొనడం లేదని నిలదీశాడు. ఫిర్యాదులు ఎన్ని వచ్చాయంటే అక్కడి ప్రసార ప్రమాణాల మండలి ఇక పంపొద్దు మహాప్రభో, మేం తట్టుకోలేకపోతున్నాం అని ప్రకటన ఇచ్చుకుంది. రెండు రోజుల్లో ఆయన దశాబ్దాల షో పోయింది.

ఇక మన సంగతి. ఇది చెప్పకపోతే ఈ జవాబుకి విలువ లేదు. 2018 మెల్‌బోర్న్ టెస్టులో మయాంక్ అగర్వాల్ మొదటి మ్యాచ్. కెర్రీ ఓకీఫ్ అనే ఆస్ట్రేలియా కామెంటేటర్, అతని ట్రిపుల్ సెంచరీ రైల్వేస్ క్యాంటీన్ స్టాఫ్ మీద కొట్టింది అయ్యుంటుందని వెటకారం చేశాడు. నిజానికి ఆ 304 నాటౌట్ మహారాష్ట్ర మీద, రంజీలో. మయాంక్ 76 కొట్టాడు, మనవాళ్లు ఆన్‌లైన్‌లో దుమ్ము దులిపారు, కోచ్‌గా ఉన్న శాస్త్రి, నువ్వు క్యాంటీన్ తెరిచినప్పుడు కాఫీ వాసన చూడ్డానికి మయాంక్ వస్తాడట అని చురక వేశాడు, ఓకీఫ్ క్షమాపణ లేఖ రాశాడు. 2020లో అడిలైడ్‌లో షేన్ వార్న్ పుజారాని 'స్టీవ్' అన్నప్పుడూ మనకు మండింది. న్యాయంగానే మండింది, ఇంగ్లండ్ కౌంటీ జట్టు యార్క్‌షైర్‌లో పేరు నోరు తిరగక తగిలించిన పేరది.

సరే, 2025 మార్చి 23. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 286 కొట్టిన మ్యాచ్. జోఫ్రా ఆర్చర్ నాలుగు ఓవర్లలో 76 ఇచ్చాడు. హిందీ కామెంటరీలో హర్భజన్ సింగ్, లండన్‌లో నల్ల టాక్సీ మీటర్ ఎలా పరుగెడుతుందో ఆర్చర్ గారి మీటరూ అలాగే పరుగెట్టింది అన్నాడు. తీసేయమన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ 'అరె, లండన్ టాక్సీలు నల్లగానే ఉంటాయి కదా, జోకు అర్థం చేసుకోలేరా' అన్నవాళ్లలో బుమ్రా విషయంలో మూడు నెలల ముందు ఊగిపోయిన అకౌంట్లు నేను చూశాను. నా పరీక్ష పెట్టి చూడండి. ఆ బౌలర్ తెల్లవాడైతే ఆ టాక్సీ రంగు వాక్యంలోకి వచ్చేదా? ఇంకో చిత్రం, 2008 సిడ్నీ గొడవలో సైమండ్స్‌ని కోతి అన్నాడన్న ఆరోపణ మోసింది ఇదే హర్భజన్. మూడు టెస్టుల నిషేధం పడింది, అప్పీలులో ఆ జాతి ఆరోపణ నిలబడలేదు, చివరికి మ్యాచ్ ఫీజులో సగం జరిమానాతో సరిపోయింది. ఒక మాట ఎంత దూరం వెళ్తుందో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? డారెన్ సామీ 2020లో చెప్పింది కూడా గుర్తు చేసుకోండి, హైదరాబాద్ జట్టులో తనని 'కాలూ' (నల్లోడు) అని పిలిచేవారని, దాని అర్థం తెలిశాక కోపం వచ్చిందని. మన దగ్గర ఇది కామెంటరీ బాక్సులో మొదలవదు, డ్రెస్సింగ్ రూమ్‌లో, ఇంట్లో, స్కూల్లో ముద్దు పేర్ల రూపంలో ముందే ఉంటుంది. బాక్సులోకి ఊరికే నడిచొస్తుంది.

'ఆ ఆటగాడే పట్టించుకోలేదు, మధ్యలో మీకేంటి' అనే మాట కూడా తరచూ వింటాం. గారెట్ పట్టించుకోలేదన్నాడు, ఒతానీ కూడా తనకు వ్యక్తిగతంగా ఏమీ అనిపించలేదన్నాడు. పట్టించుకున్నవాడికి ఏమైందో తెలిస్తే వాళ్లెందుకు అలా అంటారో అర్థమవుతుంది. ఆస్ట్రేలియాలో ఆదివాసీ మూలాలున్న ఫుట్‌బాల్ స్టార్ ఆడమ్ గూడ్స్. 2013 మేలో స్టాండ్స్‌లోంచి ఒక పదమూడేళ్ల అమ్మాయి కోతి అని అరిచింది. ఆ పిల్లని వేధించొద్దు, అండగా ఉండండి అని గూడ్సే జనాన్ని కోరాడు. సరిగ్గా ఐదు రోజులకి, ప్రత్యర్థి క్లబ్ కాలింగ్‌వుడ్ అధ్యక్షుడూ పేరున్న బ్రాడ్‌కాస్టరూ అయిన ఎడ్డీ మెగ్వైర్, రేడియోలో కింగ్ కాంగ్ నాటకం ప్రచారానికి గూడ్స్‌ని పిలిస్తే బాగుంటుందన్నాడు. పైగా ఆ అమ్మాయి అన్న రాత్రి డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లి సారీ చెప్పింది ఈయనే. తన కింగ్ కాంగ్ మాటకీ సారీ చెప్పాడు, పదవిలో 2021 దాకా కొనసాగాడు. గూడ్స్? 2014లో ఆ దేశపు ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు, జాతి వివక్ష గురించి నోరు విప్పాడు, దాంతో స్టేడియాల్లో బంతి ముట్టుకుంటే చాలు హేళనగా అరిచారు, 2015 సీజన్ అంతా. ఆ ఏడాదే ఆట మానేశాడు. లీగ్ క్షమాపణ చెప్పింది 2019లో. మాట అన్నవాడికంటే మాట పడ్డవాడే ఎక్కువ మూల్యం చెల్లించాడు, అదీ జనం చేతిలో. ప్రజాస్పందన అంటే హ్యాష్‌ట్యాగ్ ఒక్కటే కాదు, ఆ అరుపులు కూడా ప్రజాస్పందనే.

నాకు అసలు చిరాకు ఎక్కడంటే, ఈ క్లిప్పుల గొడవలో రోజూ జరిగేది ఎవరికీ పట్టదు. 2020లో రన్‌రిపీట్ అనే సంస్థ యూరప్ నాలుగు పెద్ద ఫుట్‌బాల్ లీగుల నుంచి 80 మ్యాచ్‌ల ఇంగ్లిష్ కామెంటరీ మొత్తం విని, రెండువేల పైచిలుకు వ్యాఖ్యలు లెక్కగట్టింది. తెలివితేటల్ని మెచ్చుకున్న మాటల్లో 62 శాతం పైగా లేతరంగు చర్మం ఉన్న ఆటగాళ్లకే. ఒంటి బలం గురించిన మాటైతే అది ముదురురంగు ఆటగాడి గురించి అయ్యే అవకాశం 6.59 రెట్లు ఎక్కువ, వేగం గురించైతే 3.38 రెట్లు. ఇందులో ఒక్క తిట్టు లేదు, వైరల్ అయ్యే క్లిప్ ఒక్కటీ లేదు, అన్నీ పొగడ్తలే. వాడికి బుర్ర ఉంది, వీడికి కండ ఉంది, ఇది వారం వారం చెవిలో పోస్తూ ఉంటే రేపు కోచ్ పోస్టుకి ఎవరి పేరు గుర్తొస్తుంది? 1988లో సీబీఎస్ ఛానల్ ఫుట్‌బాల్ విశ్లేషకుడు జిమ్మీ ది గ్రీక్, నల్లజాతి ఆటగాళ్ల బలం బానిసల యజమానులు జతలు కలిపి పుట్టించడం వల్లే వచ్చిందని వాగి మర్నాడే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ సిద్ధాంతం ఇప్పుడు పైకి ఎవరూ అనరు. దాని నీడ మాత్రం విశేషణాల్లో హాయిగా బతుకుతోంది.

అందుకే మీకు నా మొదటి సలహా తిట్ల లిస్టు బట్టీ పట్టమని కాదు, మీ రికార్డింగ్‌లు మీరే వినమని. ఎవరిని 'పవర్' అంటున్నారు, ఎవరిని 'క్లాస్' అంటున్నారు, నాలుగు మ్యాచ్‌లకు ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటే మీకే తెలిసిపోతుంది. పేర్లు ముందు రోజే నేర్చుకోండి, ఆటగాడి ఇంటర్వ్యూ క్లిప్‌లో అతను తన పేరు ఎలా పలుకుతాడో వినండి, రానివాటి మీద జోకులు వద్దు. జంతువుల పోలికలు పూర్తిగా మానేయండి, పులి సింహం కూడా, మీరేమీ నష్టపోరు. హెడ్‌సెట్ తలమీద ఉన్నంతసేపు మైక్ లైవ్ అనే అనుకోండి, యాడ్ పడుతున్నా, వాన పడుతున్నా.

ఇన్ని చేసినా ఏదో ఒకరోజు ఏదో జారుతుంది. పక్కన ఉన్నవాళ్లు ముందు పట్టుకుంటారు కాబట్టి, సైగ చేయమని కో-కామెంటేటర్‌తో ముందే మాట్లాడుకోండి, సైగ వస్తే వాదించొద్దు. ఆ రోజే, ఆ మ్యాచ్‌లోనే, జనం ఇంకా చూస్తుండగానే చెప్పండి. ఏమన్నారో చెప్పండి, ఎవరి గురించి అన్నారో పేరు పెట్టి చెప్పండి, 'ఉంటే' 'గింటే' లేకుండా తప్పు నాది అనండి, ఆ తర్వాత స్కోరు చెప్పి ఆటలోకి వెళ్లిపోండి. ఛానల్ వాళ్లు రాసిచ్చిన ప్రకటన చదవమంటే, అందులో మీరన్న మాట ఉందో లేదో మొదట చూడండి, లేకపోతే పెట్టించండి.